కాగితమంత సందు

కిందటి వేసవిలో డాలస్‌లో మా అమ్మాయి ఇంట మూడు నెలలున్నాను. అక్కడ పదమూడేళ్ళ మా మనవడికి ఒక ట్రక్కు ఉంది. బొమ్మ ట్రక్కంటే వాడికి కోపం. వాడి కోపమూ న్యాయమే. మూరెడు పొడుగుండే ఆ బండికి రెండున్నర సి.సి. ఇంజను, మెథనాలు, నైట్రోమీథేను, నూనె కలిపిన ఇంధనం తాగుతుంది. చేతిలో రేడియో పెట్టె పట్టుకుని దూరాన్నుంచి నడపాలి. ఇరుగుపొరుగుల ఇళ్ళముందు గడ్డి కోసి, ఏడాదిపాటు కూడబెట్టిన డబ్బుతో కొన్నాడు.

పదిహేను రోజులు తిరక్కుండానే, ఇంజను గర్రుమంటుంది గాని బండి కదలదు. విప్పితే, ప్లాస్టిక్ పెద్ద గేరు పళ్ళు ఊడిపోయి ఉన్నాయి. దాన్ని తిప్పే చిన్న గేరు, క్లచ్ బెల్ మీదది, ఉక్కుది. రెంటికీ మధ్య సందు పెరిగితే పళ్ళు కొసలతోనే పట్టుకుంటాయి. బండి ఉరికేసరికి మెత్తనిది ఓడిపోతుంది.

"ముప్ఫయ్యేళ్ళు మిల్లులో యంత్రాలు చూసినవాణ్ణి, ఇదొక లెక్కట్రా!" అని కొత్త గేరు వేసి, సందన్నది లేకుండా ఇంజన్ని నొక్కి బిగించాను. బండి కదిలింది గాని ఈలలాంటి కూత మొదలైంది. సాయంత్రానికి ఆ గేరూ పోయింది.

"ఆ బండి అమ్మెయ్యరా, పీడా పోతుంది" అన్నాడు మా అల్లుడు. మనవడు నన్ను ఒక్క మాటైనా అనలేదు. అదే నాకు మరీ కష్టమనిపించింది.

మర్నాడు పొద్దున్నే, "తప్పు నాదేరా" అని వాడి పక్కన కూర్చున్నాను. పాడైన గేర్లు రెండూ వెలుతుర్లో పెట్టి చూశాం. అరుగుదల పంటి వెడల్పంతా లేదు, ఒక అంచునే ఉంది.

"అంటే ఇంజను వంకరగా కూర్చుందన్నమాట, తాతయ్యా!" అన్నాడు వాడు.

నిజమే. ఇంజను దిమ్మ కింద ఇసుక రేణువులు చిక్కుకుని ఉన్నాయి. నేను తుడవకుండానే బిగించానన్నమాట!

ఈసారి స్క్రూలు వాడే పట్టాడు. అడుగంతా శుభ్రంగా తుడిచాం. కొత్త గేరు వేసి, నోటుపుస్తకంలోంచి సన్నటి కాగితం చీలిక చించి రెండు గేర్ల మధ్య దూర్చాం. ఇంజన్ని గేరుకేసి నొక్కిపట్టి, నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాం. గేరు తిప్పి కాగితం తీస్తే, విసనకర్ర మడతల్లా గీతలు పడ్డాయి, ఎక్కడా చిరగలేదు. చిరిగితే బిగువు ఎక్కువ, మడత సరిగా పడకపోతే వదులు.

తరవాత చిన్న గేరు కదలకుండా పట్టుకుని, పెద్దదాన్ని అటూ ఇటూ ఆడించాం. చెవికి తెలిసీ తెలియనంత టిక్కుమంది. పెద్ద గేరు అచ్చంగా గుండ్రంగా ఉండకపోవచ్చు. అందుకని నాలుగు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగువైన చోటునే లెక్కలోకి తీసుకున్నాం. చివరికి స్క్రూలు ఒక్కొక్కటే తీసి, జిడ్డు తుడిచి, అదురుకు వదులవకుండా మరపట్టు మందు ఒక్క చుక్క వేసి మళ్ళీ బిగించాం.

ఆ సాయంత్రం బండి కూత లేకుండా పరుగెత్తింది. నేను తిరిగి వచ్చేదాకా ఆ గేరు మార్చే పని పడలేదు.

బయల్దేరేనాడు వాడు ఆ మడతల కాగితం నా జేబులో పెట్టాడు. ఇప్పటికీ నా కళ్ళజోడు పెట్టెలోనే ఉంది. మా ఆవిడ దాన్ని చూసినప్పుడల్లా, "ఈ పాటి సందు మామా అల్లుళ్ళ మధ్యా ఉంటే మంచిదే" అంటూ ఉంటుంది.