కూర గోరంత, అన్నం కొండంత

తెలుగువారికి దీక్షలు కొత్త కాదు. నల్లబట్టలు కట్టుకుని 41 రోజులు చన్నీళ్ళ స్నానం చేసి చాపమీద పడుకోగలరు. కార్తీకమంతా ఒంటిపూట భోజనంతో గడపగలరు. అందుకేనేమో, ఆరోగ్యం కూడా ఇక్కడ దీక్ష రూపంలోనే వస్తుంటుంది. ఉప్పూ నూనే లేని వంట తినమని మంతెన సత్యనారాయణ రాజు చెప్పిన రోజుల్లో చాలా ఇళ్ళలో పోపులపెట్టెకు సెలవు దొరికింది. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ అన్నం, రొట్టె పక్కనపెట్టి కొవ్వు తినమంటే, అప్పటిదాకా తలకు రాసుకున్న కొబ్బరినూనెను జనం గ్లాసులో పోసుకుని తాగారు. ఖాదర్ వలీ సిరిధాన్యాల మాట ఊరూరా పాకాక కొర్రలు, అండుకొర్రలు, ఊదలు, సామలు, అరికెలు సూపర్ మార్కెట్లలో మంచి చోటు సంపాదించాయి. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిందీ ఆ ఏడాదినే.

ఈ మూడు మార్గాలూ ఒకదానితో ఒకటి పొసగవు. ఒకరు వద్దన్న నూనె మరొకరికి మందు. ఒకరు పక్కన పెట్టమన్న ధాన్యం ఇంకొకరికి సిరి. అయినా మూడింట్లోనూ చేరినవాళ్ళలో చాలామంది మొదట్లో ఒళ్ళు తేలికపడిందనే చెప్పారు. అందులో వింతేమీ లేదు. దారులు వేరైనా మూడూ ముందుగా చెయ్యి వేసింది తెల్లన్నం మీదే. చిక్కంతా ఆ తర్వాతే. దీక్ష అన్నాక విరమణ ఉంటుంది, విరమణ అన్నాక బిర్యానీ ఉంటుంది. రెండు పెళ్ళిళ్ళూ ఒక పండగా దాటేసరికి కంచం మళ్ళీ పాత కంచమే.

ఆ పాత కంచాన్ని ఒకసారి నిదానంగా చూడాలి. తెలుగు భోజనంలో అన్నం ఒకసారి వడ్డించి ఊరుకునేది కాదు. పప్పుతో ఒక విడత, కూరతో ఒక విడత, పులుసుకు కాస్త, చారుకు ఇంకాస్త, చివర పెరుగన్నం తినకపోతే భోజనం అయినట్టే కాదు. ప్రతి విడతకూ హస్తం అన్నంలోకే వెళుతుంది. కూర మాత్రం కంచం అంచున గరిటెడే. అది అన్నాన్ని గొంతు దించడానికి ఉన్న సాధనం. అన్నం మిగిలితే కూర మళ్ళీ వేస్తారు, కూర మిగిలితే అన్నం మళ్ళీ వేస్తారు. రెండు దారులూ అన్నం దగ్గరికే.

అందరి ఇళ్ళలోనూ ఈ అన్నపు కొండ అనాదిగా ఉన్నది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా వరిచేలతో నిండింది కానీ, సీమలో రాగిసంగటి, కొర్రన్నం, తెలంగాణలో జొన్నరొట్టె, గట్క చాలాకాలం సాగాయి. అక్కడ వరన్నం పండగనాటి మాట. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చాక పండగ రోజువారీ అయింది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 వచ్చింది. సాంబ మసూరిగా ఇంటింటికీ తెలిసిన సన్నబియ్యం అదే. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితం. ఆకలి తీర్చిన బియ్యాన్ని తిట్టడం కడుపు నిండినవాళ్ళు చేసే పని. అయితే బియ్యం వచ్చినంత సులువుగా కందిపప్పు, కూరగాయలు, గుడ్లు ఆ వంటింటికి రాలేదు. పేదింటి కంచంలో కొండ ఎందుకుందో చెప్పడానికి ఆ ఒక్క కారణం చాలు. డబ్బున్న ఇంట్లో ఉండటానికి మాత్రం అలవాటు తప్ప మరో కారణం కనిపించదు.

తెల్లన్నంతో కోస్తా ప్రజలు ఇబ్బంది పడటం ఇది మొదటిసారీ కాదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరుల్లోని కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణ కేంద్రంగా పుట్టింది. విశాఖపట్నం నుంచి నెల్లూరు దాకా సముద్రతీర జిల్లాల్లో అప్పట్లో బెరిబెరి పాతుకుపోయి ఉండేది. ఉప్పుడు బియ్యం కాకుండా పచ్చిబియ్యాన్నే మర పట్టించి తెల్లగా తినేవారు. తవుడుతోపాటు బి1 విటమిన్ కూడా పోయేది. కాళ్ళు చచ్చుపడటం, గుండె దెబ్బతినడం ఆ వ్యాధి లక్షణాలు. సంస్థ 1958లో హైదరాబాద్ చేరింది. బెరిబెరి సద్దుమణిగింది. దాని స్థానంలోకి షుగరు వచ్చి కూర్చుంది.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గడప దాకా వచ్చారని భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ సర్వే 2023లో లెక్క తేల్చింది. వీళ్ళంతా లావుపాటివాళ్ళేం కాదు. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యులు పక్కపక్కన దిగిన ఫొటో ఒకటి వచ్చింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువు చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. యుడ్కిన్ మారథాన్లు పరిగెత్తేవారు. ఆస్పత్రి లిఫ్టు తలుపులు మూసుకునేలోగా అందుకోవడమే యాజ్ఞిక్ వ్యాయామమని ఆ వ్యాసంలో చమత్కరించారు కూడా. సన్నటి చేతులు, ముందుకొచ్చిన పొట్ట, ‘నాకేం, బరువు సరిగ్గానే ఉన్నాను’ అన్న ధీమా: మన ఆఫీసుల్లో ఈ మనిషి ప్రతి వరసలోనూ కనిపిస్తాడు.

షుగరు వచ్చిందనగానే తెలుగిళ్ళలో జరిగే మొదటి మార్పు రాత్రికి చపాతీ. మూడు చపాతీలు, వాటిలోకి బంగాళదుంప కూర, ఆపైన ‘కొంచెం’ పెరుగన్నం. ఇండియాబ్ బృందమే 18 వేల మందికి పైగా పెద్దల తిండిని లెక్కగట్టి 2025లో నేచర్ మెడిసిన్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ చపాతీ మీద నీళ్ళు చల్లింది. భారతీయుల తిండిలో శక్తి 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. ఆ మొత్తం తగ్గించకుండా బియ్యం బదులు గోధుమపిండో, చిరుధాన్యాల పిండో తిన్నంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. శక్తిలో 5 శాతాన్ని పిండిపదార్థాల నుంచి తీసి పప్పుధాన్యాల, పాల మాంసకృత్తులకు ఇస్తే ముప్పు తక్కువని తేలింది. రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనా బియ్యానికీ ఇదే వర్తిస్తుంది. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ సుమారు 51, తక్కువే, మంచిదే. కానీ ‘షుగరువాళ్ళ బియ్యం’ అని సంచి కొనుక్కుని రెండో విడత ధైర్యంగా వడ్డించుకుంటే ఆ మంచి అక్కడికక్కడే చెల్లు.

పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజువారీ పళ్ళెం లెక్క ఉంది. పచ్చి బరువులో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పప్పులు గుడ్లు మాంసం 85, పళ్ళు 100, వేరుసెనగ, నువ్వుల్లాంటి గింజలు 35, నూనె 27, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. ధాన్యం కంటే కూరగాయ బరువెక్కువ! ఈ ఒక్క వాక్యం తెలుగు కంచాన్ని తలకిందులు చేస్తుంది. అయితే దీనికోసం బ్రోకలీ, ఓట్సు కొననక్కర్లేదు. గోంగూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర వేసి పప్పు వండే సంప్రదాయం ఇక్కడ ఉండనే ఉంది. గట్టిగా వండిన ఆ పప్పును గరిటెడు కాక గిన్నెడు తినాలి. చారు తాగొచ్చు, మజ్జిగా తాగొచ్చు. రెండింటికీ అన్నం తోడు అక్కర్లేదు. అలా రెండు విడతల అన్నం చప్పుడు లేకుండా తగ్గిపోతుంది. బియ్యపు రవ్వే ఎక్కువగా ఉండే ఇడ్లీ కంటే పెసరట్టు మెరుగు (ఉప్మా లేకుండా అంటే ఎమ్మెల్యే పెసరట్టు ప్రియులకు కోపం రావచ్చు). సాయంత్రం మిర్చి బజ్జీ బండి దగ్గర ఆగే కాళ్ళకు సెనగ గుగ్గిళ్ళ రుచి దేవీ నవరాత్రుల్లో మాత్రమే గుర్తొస్తుందెందుకో. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే కాబట్టి, తినేవాళ్ళకు వాటి కొరత లేదు.

ఆవకాయ సంగతి? మానమంటే అది మళ్ళీ దీక్షే. దేశంలో పెద్దవాళ్ళు రోజుకు సగటున 8 గ్రాముల ఉప్పు తింటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 5 గ్రాములు. ఆవకాయ ఒక విడతకు వడ్డించుకుని, పప్పుకూ పెరుగుకూ నంజుకోవడం ఆపితే ఊరగాయ జాడీకీ ఒంటికీ రాజీ కుదురుతుంది.

ఇక నడక. రోజుకు పదివేల అడుగుల లెక్కకు శాస్త్రం పుట్టిల్లు కాదు. 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ అడుగులు లెక్కబెట్టే పరికరానికి పెట్టుకున్న పేరు అది. అమెరికాలో వయసు మళ్ళిన మహిళల మీద ఐ-మిన్ లీ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకు 2,700 అడుగులు వేసినవారికంటే 4,400 వేసినవారిలోనే మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. తిన్న వెంటనే పది, పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు రక్తంలోని గ్లూకోజును వాడేసుకుంటాయి. వీధి చివరి దాకా వెళ్ళి రావడానికి బూట్లు కొననక్కర్లేదు. నడకతోనే సరిపెట్టుకోవడమూ కుదరదు. వారానికి రెండు రోజులైనా కండరాలకు బరువు పని చెప్పమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. గోడకు చేతులానించి దండీలు తీయడం, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పదేపదే లేవడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

పొద్దున్నే హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, వాహనాలు ఆపేసిన విశాఖ బీచ్ రోడ్డులోనో చూస్తే ఊరంతా నడుస్తున్నట్టే ఉంటుంది. అంకెలు వేరే మాట చెబుతాయి. 2022 లెక్కల ప్రకారం దేశంలో 42 శాతం మగవాళ్ళు, 57 శాతం ఆడవాళ్ళు చాలినంత కదలడం లేదు. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసే మనిషికి కదలిక చాలడం లేదంటే నవ్వొస్తుంది. కానీ స్టవ్ ముందు గంటన్నర నిలబడటం గుండెకు నడక కాదు. రోలు, రోకలి, బావి గిలక పోయి మిక్సీ, మోటారు వచ్చాయి. బరువు పోయింది, నిలబడటం మాత్రం మిగిలింది. అయ్యగారు పార్కులో నాలుగు చుట్లు తిరిగే ఆ చల్లటి గంటే ఇంట్లో పిల్లల టిఫిన్లు, క్యారేజీలు సర్దే గంట. ‘మీరూ నడవండి’ అని డాక్టరు ఆవిడకు చీటీ మీద రాసిస్తే సరిపోదు. ఆ గంటలో వంటింట్లో ఎవరుంటారో కూడా ఇంట్లో తేలాలి. పెసలు రాత్రి నీళ్ళలో పోస్తే చాలు, పిండి పులియాల్సిన పని లేదు. పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి అట్టు పోయడం వారానికి మూడు రోజులు ఆయన వంతు అనుకుంటే, ఆ మూడు రోజులు పార్కుకు ఆవిడ వెళ్తుంది. మిగతా నాలుగు రోజుల వంతులు వాళ్ళే వేసుకోవచ్చు.