పిన్ని దగ్గర బియ్యం ఉన్నాయి, నిప్పు లేదు

మొన్నామధ్య మా టీములో నలుగురం కలిసి ఓ వీకెండ్ క్యాంపింగ్ ప్లాన్ చేశాం. ఎక్కడికెళ్ళాలో తేలకముందే ఏమేం కొనాలో తేలిపోయింది. ఇద్దరు పట్టే టెంటు, గాలి ఊదుకునే పరుపు, మడిచి జేబులో పెట్టుకునే గ్యాసు పొయ్యి, దానికి చిన్న చిన్న గ్యాసు డబ్బాలు, తలకి తగిలించుకునే లైటు. ముప్ఫై వరసల ఎక్సెల్ షీటు తయారైంది. అందులో అగ్గిపెట్టె మాత్రం లేదు :)

వెటకారానికి అనడం లేదు, నా అటక మీదా ఇలాంటి సరంజామా ఉంది. ఒక డిసెంబరులో దాన్ని లంబసింగి మోసుకెళ్ళా. తెల్లవారుజామున కాఫీ పెడదామంటే పొయ్యి కిరసనాయిలు బుడ్డిలా మిణుకుమంది. తర్వాత చదివితే అర్థమైంది. ఆ డబ్బాల్లో చాలావాటిలో ఉండేది బ్యూటేను. సున్నాకి అర డిగ్రీ కిందకి వెళితే అది ఆవిరై బయటికి రావడమే మానేస్తుంది. పైగా పొయ్యి వెలుగుతున్నకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది. అంటే చలి బాగా ఉండి, కాఫీ బాగా కావాల్సిన రోజునే అది మొరాయిస్తుందన్నమాట. అచ్చం మా సర్వర్లలాగే.

సరే, అది సరదా. సరదా కాని సంగతి చెప్పడానికే ఇదంతా.

మాది మండవల్లి. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. జిల్లా మారింది గానీ కొల్లేరు మారలేదు. మా పిన్ని వాళ్ళది దగ్గర్లోనే ఒక లంక ఊరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడని ముంచిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. చాలామందికి పట్టని విషయం ఏమిటంటే, ఆ నీళ్ళు అక్కడితో ఆగవు. బుడమేరు వచ్చి కలిసేది కొల్లేట్లోనే. కొల్లేటి నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు, అది నిదానంగా లాగుతుంది. అందుకని విజయవాడలో వాన వెలిసి, టీవీ వాళ్ళు కెమెరాలు సర్దుకునే వేళకి మా వైపు నీళ్ళు పెరగడం మొదలవుతుంది. పైన ఎండ కాస్తుంటుంది, కింద నీళ్ళు ఎక్కుతుంటాయి.

అలాంటి ఒక రోజు పిన్నికి ఫోన్ చేసి ఏం కావాలని అడిగా.

"బియ్యం ఉన్నాయిరా నాన్నా. పప్పుంది, చింతపండుంది. నిప్పే లేదు."

గ్యాసు అయిపోయింది. రోడ్డు మునిగాక సిలిండరు బండి ఎక్కడినుంచి వస్తుంది? పెరట్లో కట్టెలు నానిపోయాయి. అప్పటికే మా ఆఫీసు గ్రూపు తరఫున బిస్కట్లు, బ్రెడ్డు, పాత బట్టలు పంపించేశాం. లెక్కలు రాసింది నేనే. ఆ ముందు ఒక్క ఫోను చేసి అడగాలని మా ఎవరికీ తోచలేదు.

నా వాదన ఇది. వరదలో తిండి కంటే ముందు తెగిపోయేది నిప్పు. నిప్పు అన్నానికే కాదు, నీళ్ళకి కావాలి. చుట్టూ కనుచూపుమేర నీళ్ళే, తాగడానికి మరగబెట్టుకోవడానికి మాత్రం సెగ లేదు. పొట్లాలు మొదటి రెండు రోజులూ ప్రాణం నిలబెడతాయి, కాదనను. మూడో రోజునుంచి ఎవరి పొయ్యి వాళ్ళకి కావాలి.

ఇంకో విషయం. వంటింట్లో ఉండే 14.2 కిలోల సిలిండరు నిండుగా ఉన్నా నీళ్ళలో తేలుతుందని మీకు తెలుసా? గ్యాసు, ఇనుము కలిపి బరువు ముప్ఫై కిలోలకి అటూ ఇటూ. లోపల పట్టే నీళ్ళు ముప్ఫైమూడు లీటర్ల పైమాటే. లెక్క మీరే వేసుకోండి. నడుము లోతు నీళ్ళొస్తే అది లేచి పైపుని లాగేస్తుంది. కాబట్టి నీళ్ళు గడప దాటకముందే రెగ్యులేటరు తీసి, మూత బిగించి, సిలిండర్ని తాడుతో గుంజకి కట్టేయాలి.

"అయితే మళ్ళీ కట్టెల పొయ్యికి వెళ్ళమంటావా?" అంటారేమో. బాబోయ్, వద్దు. మా అమ్మమ్మ దగ్గు నాకింకా చెవుల్లో ఉంది. గ్యాసు రావడం మా ఊరి ఆడవాళ్ళకి జరిగిన గొప్ప మేళ్ళలో ఒకటి. నేననేది బ్యాకప్ గురించి. ఉన్న ఒక్క సర్వరూ పడిపోతే ఏంటి గతి అని ఆఫీసులో తెగ మీటింగులు పెట్టే మనం, ఇంట్లో ఆ ప్రశ్న వేసుకోం.

ఆ బ్యాకప్ మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. పొట్టు పొయ్యి. చిన్నప్పుడు టీకొట్లలో చూసే ఉంటారు. ఓ రేకు డబ్బా, అడుగున పక్కకి రెండంగుళాల రంధ్రం. మధ్యలో ఓ గాజు సీసా నిలబెట్టి, రంధ్రంలోంచి ఓ గుండ్రటి కర్ర సీసాకి తగిలేదాకా దూర్చి, చుట్టూ సామిల్లు నుంచి తెచ్చిన రంపప్పొట్టు కొంచెం కొంచెంగా వేస్తూ గట్టిగా కూరాలి. తర్వాత సీసాని తిప్పుతూ పైకి లాగి, కర్రనీ లాగేస్తే లోపల వంపు తిరిగిన గొట్టం మిగులుతుంది. కింది రంధ్రంలో పుల్లలు పెట్టి అంటిస్తే గాలి కిందనుంచి పైకి లాగుతుంది, గంటల తరబడి కాలుతుంది. డబ్బా అంచు మీద మూడు పెంకులు పెట్టి గిన్నెకి సందు ఇస్తే చాలు. 1980లలో అమెరికాలో లారీ వినియార్‌స్కీ రాకెట్ స్టవ్ అని తయారుచేసినదాంట్లోనూ ఇలాంటి వంపు గొట్టమే ఉంటుంది.

నాకు నచ్చింది వేరే. ఇందులో పొయ్యీ కట్టే రెండూ ఒకటే వస్తువు. పొడిగా కూరి, పాలిథిన్ సంచిలో మూతి కట్టి అటక మీద పెడితే వరద వచ్చినరోజు అగ్గిపుల్లదే ఆలస్యం. ఒక్క జాగ్రత్త, దీన్ని టెంటులోగానీ తలుపులేసిన గదిలోగానీ పెట్టకండి. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బొగ్గుల కుంపటికీ ఇదే మాట.

ఇక గూడు. విపత్తు సాయంలో చాలా సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల కప్పు కావాలి. మనం కొనే ఇద్దరి టెంటు ఒక్కడికే చాలదు. అదే ధాన్యం మీద కప్పే 18 బై 24 అడుగుల బరకం పరిస్తే 40 చదరపు మీటర్లు. రెండు వెదుళ్ళ మధ్య తాడు కట్టి వాలుగా వేసినా ఓ కుటుంబం సుబ్బరంగా కూర్చుంటుంది. అంచున కన్నం లేకపోతే, బరకంలో గులకరాయి చుట్టి దాని మెడకి తాడు బిగిస్తే చిరగదు. ఇది నాకు నేర్పింది మా బాబాయి, యూట్యూబు కాదు.

కొల్లేటి వరద విజయవాడలోలా రాత్రికి రాత్రి మీద పడేది కాదు. పైన కురిసిన వాన మాకు చేరడానికి వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో ఊళ్ళోకి బరకాలు, పొట్టు పొయ్యిలు, అగ్గిపెట్టెలు, నీళ్ళ క్యాన్లు చేర్చుకోవచ్చు. బిస్కట్ల డబ్బుల్లో కొంత చాలు.

మా క్యాంపింగ్ ఖాయమైంది. షీటులో నేనో వరస చేర్చా: "పొట్టు పొయ్యి - ఒకటి. ఒక పూట వంట దాని మీదే." మొదట అందరూ నవ్వారు. ఆఫీసులో ఏడాదికోసారి చేసే డిజాస్టర్ రికవరీ డ్రిల్లు లాంటిదే అనుకోండి అన్నా, ఒప్పుకున్నారు. పిన్నికి రెండు డబ్బాలు ఇప్పటికే కూరి ఇచ్చొచ్చా. "ఈసారి వరదకి మీ ఆఫీసు వాళ్ళందర్నీ భోజనానికి తీసుకురా" అంది.

మీ ఊరి అటక మీద ఏముందో ఈసారి వెళ్ళినప్పుడు ఓసారి ఎక్కి చూడండి.