వల పట్టిన చేతికే కాపలా

తొలకరి ముదిరి చెరువు మత్తడి దుంకిన రోజు ఊరు ఊరంతా కట్ట మీదే ఉంటుంది. నురగలు కక్కుతూ దూకే నీటికి ఎదురెక్కుతూ చేపలు వస్తాయి. పరకలు, జెల్లలు, మట్టగిడసలు. ఒకటి ఎగిరి రాయి మీద పడుతుంది, జారి నీటిలోకి పోతుంది, మళ్లీ ఎగురుతుంది. దాన్ని పట్టి పొట్ట కోస్తే పిడికెడు జన. గుడ్లు పెట్టడానికి జాగా వెతుక్కుంటూ పోతున్న తల్లి చేప అది. దోమతెరలు, పాత చీరలు, బుట్టలు, కర్రలు పట్టుకుని జనం దానికి ఎదురు నిలబడతారు. ఎవరికి దొరికింది వారిది. ఆ పూట కొన్ని ఇళ్లలో పులుసు ఉడుకుతుంది. ఏడాదంతా చెరువులో పెరగవలసిన విత్తనం ఆ పులుసులో పోతుంది.

కొరమీను సంగతి ఇంకా బాధాకరం. నాచు పక్కన నీటి మీద పళ్లెమంత వెడల్పున ఎర్రగా ఏదో కదులుతుంటే అది కొరమీను పిల్లల గుంపు. కింద తల్లీ తండ్రీ కాపలా. గాలి పీల్చి బతికే చేప కనుక పెద్దవి ఉండుండి పైకి వచ్చి ఒక గుటక వేసి పోతాయి. ఆ గుటక కోసమే గట్టు మీద ఒకరు బల్లెంతోనో గాలంతోనో కాచుకుని ఉంటారు. పెద్దది చిక్కిందా, ఆ ఎర్ర గుంపు మిగతా చేపలకూ పాములకూ కొంగలకూ మేత. రాష్ట్ర చేప అని గొప్పగా చెప్పుకునే కొరమీనుకు మనం ఇస్తున్న మర్యాద ఇది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో చేపను కాపాడాలన్నా, చేపను నమ్ముకున్న ముదిరాజ్, గంగపుత్ర, కోయ కుటుంబాలను కాపాడాలన్నా దారి ఒకటే. నీటి కాపలానూ చేప హక్కునూ ఒకే చేతిలో పెట్టాలి. ఆ చెయ్యి వల పట్టినవారిదే కావాలి. అభయారణ్యం లోపలి నీళ్లకూ ఇదే వర్తించాలి. కాపలా అటవీశాఖది, చేప మత్స్యశాఖది, నీరు నీటిపారుదలశాఖది, కేసు మాత్రం మత్స్యకారుడిది అనే ఇప్పటి పద్ధతి ఎవరినీ కాపాడదు.

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న వేరువేరు గీతల్లోకి వచ్చాయి కానీ నీళ్లు ఆ గీతలను ఎరగవు. ఏటూరునాగారం అడవి అంచున దేవాదుల ఎత్తిపోతల గోదావరిని తోడితే ఆ నీరు జనగామ మెట్ట దాకా వచ్చి రిజర్వాయర్లను నింపుతోంది. ఒకప్పుడు ఎండి నెర్రెలిచ్చిన శిఖం భూముల్లో ఇవాళ థర్మాకోల్ తెప్పలు తిరుగుతున్నాయి. మహబూబాబాద్ వైపు గూడూరు, కొత్తగూడ మండలాల అడవి పాకాల అభయారణ్యంలో భాగం. భూపాలపల్లికి ఉత్తరాన గోదావరే సరిహద్దు. మెట్ట చెరువు, అడవి చెరువు, నది అనే మూడు రకాల నీళ్లు ఇక్కడ ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి. ఒక చోట చేసిన తప్పు మరో చోట తేలుతుంది. మన దేశపు చేప కాని దెయ్యం చేప ఇవాళ తెలుగు నేల మీద ఎన్నో చెరువుల్లో వలలు చింపుతోందంటే నీటి దారులన్నీ కలిసి ఉండడమూ అందుకు ఒక కారణం.

చట్టంలో ఒక అన్యాయం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972, సముద్ర జలాలను అభయారణ్యంలో కలపాలంటే ముందుగా స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడే చర్యలు తీసుకోవాలని 26ఎ సెక్షన్‌లో స్పష్టంగా చెబుతుంది. తీరంలోని జాలరికి ఆ ఒక్క వాక్యం అండ. అడవి నడుమ చెరువులో తరాలుగా వల వేస్తున్న మనిషికి అలాంటి వాక్యం లేదు. 29వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో ఏ జీవినీ ముట్టరాదు. అంటే ఉప్పునీటిలో హక్కుదారు, మంచినీటిలో నేరస్తుడు. వృత్తి ఒకటే, వల ఒకటే, ఆకలి ఒకటే అయినప్పుడు ఈ తేడాకు ఏ న్యాయం ఉంది? కేంద్రం ఆ వాక్యాన్ని చెరువులకూ జలాశయాలకూ విస్తరించాలి. రాష్ట్ర శాసనసభ అందుకు తీర్మానం చేసి పంపాలి.

అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. అటవీ హక్కుల చట్టం, 2006, మూడో సెక్షన్‌లో నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కును పేరు పెట్టి మరీ గుర్తించింది. ఆ హక్కు అభయారణ్యాల్లోనూ చెల్లుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలదేనని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. కొత్తగూడ, గంగారం మండలాల కోయ గూడేలకు ఈ రెండు చట్టాలూ వర్తిస్తాయి. పోడు పట్టాల కోసం జరిగినంత పోరాటం చేప హక్కు కోసం జరగలేదు. ఆ దరఖాస్తు ఒకటి ఉంటుందని చెప్పేవారే గూడేనికి రాలేదు. ఇది అధికారుల బాధ్యత, గూడెం తప్పు కాదు. అయితే గిరిజనేతర మత్స్యకారులకు అక్కడ చిక్కు ఉంది. మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. కాగితం లేని తాతల కాలానికి కాగితం అడిగితే ఎక్కడి నుంచి తెస్తారు? చట్టం నియమాలు పెద్దల వాంగ్మూలాన్నీ సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. దాన్ని ఒప్పుకునే మనసు కలెక్టరేట్లకు ఉండాలి.

కాపాడేవారికి ఫలంలో వాటా అన్న మాట ఈ నేలకు కొత్త కాదు. పాకాల, రామప్ప చెరువులు గణపతిదేవుని ఏలుబడి నాటివి. ఇవాళ మహబూబాబాద్ జిల్లాలో ఉన్న బయ్యారం చెరువును ఆయన సోదరి మైలాంబ తవ్వించి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. ఆ కట్ట మీది శాసనమే కాకతీయుల వంశావళిని మనకు చెప్పింది. భూపాలపల్లి జిల్లా ఘనపురంలో గణపసముద్రం ఇప్పటికీ ఉంది. ఆ కాలంలో చెరువు కట్టి నిలబెట్టినవారికి దశబంధం పేరుతో ఆయకట్టు ఫలంలో వాటా దక్కేది. వాటా ఉన్నందువల్లే తూము పూడకుండా, కట్ట తెగకుండా కనిపెట్టుకునే మనిషి ఉండేవాడు. ఎనిమిది వందల ఏళ్లు ఆ చెరువులు నిలిచాయంటే వాటి వెనుక రాజుల దానబుద్ధి ఎంత ఉందో ఈ వాటా అంత ఉంది. మిషన్ కాకతీయ 2015లో మొదలై చెరువుల పూడిక తీసింది. దశబంధాన్ని మాత్రం తిరిగి తేలేదు.

అభయారణ్యంలో వలను ఒప్పుకుంటే జంతువుల గతేమిటన్నది నిజమైన ప్రశ్న. పాకాలలో మొసళ్లున్నాయి. నైలాన్ వలలో చిక్కిన మొసలి పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చచ్చిపోతుంది. చేపల పేరు చెప్పి వేటగాళ్లు అడవిలోకి దూరే ప్రమాదమూ ఉంది. కానీ ఇందుకు మందు నిషేధం కాదు. మధ్యప్రదేశ్ పెంచ్ జాతీయ పార్కులోని తోతలాడోహ్ జలాశయం కేసులో 1997లో సుప్రీంకోర్టు చూపిన దారి మన ముందుంది. 305 గిరిజన కుటుంబాలకు ఇచ్చిన చేపల పర్మిట్లను కోర్టు కొట్టేయలేదు. ఫొటో గుర్తింపు కార్డులు పెట్టింది, జలాశయం తప్ప అడవిలో మరెక్కడికీ పోరాదంది, గట్టున మంట వేయరాదంది. హక్కు ఉంటే షరతు నిలుస్తుంది. దొంగతనంగా రాత్రిపూట వేసే వలకు ఏ షరతు పెట్టగలం?

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మధ్యప్రదేశ్‌దే. తవా జలాశయంలో నిర్వాసిత ఆదివాసుల మత్స్య సంఘం 1996 నుంచి పదేళ్లు తానే చేపపిల్లలు వదిలి, గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపి, అమ్మకం తానే చూసుకుంది. అభయారణ్యం కారణం చూపి 2006లో ఆ లీజును ఆపేశారు. చక్కగా నడుస్తున్న కాపలాను చేజేతులా రద్దు చేసుకోవడమే అది. పాకాలలో, ఏటూరునాగారంలో అదే పొరపాటు మనం చేయరాదు.

ఇంకో ఉదాహరణ చాలా దూరానిది, అయినా మన కొరమీనుకు దగ్గరి చుట్టం లాంటిది. బ్రెజిల్‌లో అమెజాన్ ఒడ్డున మమిరావా అనే రక్షిత ప్రాంతం ఉంది. అక్కడి పిరరుకు చేప కూడా గాలి పీల్చడానికి పైకి వస్తుంది. మనిషిని మించిన పొడవు పెరిగే ఆ చేప ఒకప్పుడు అంతరించే దశకు చేరింది. ఆ గుటకలను చూసి ఎన్ని పెద్ద చేపలున్నాయో లెక్కించే నేర్పు అక్కడి జాలర్లది. 1999 నుంచి ఆ లెక్కనే ఆధారం చేసుకుని, లెక్క తేలిన పెద్ద చేపల్లో 30 శాతానికి మించి పట్టకుండా అనుమతి ఇస్తున్నారు. చేపలు ఎన్నో రెట్లు పెరిగాయి. బల్లెం గురిపెట్టడానికి పనికొచ్చిన కన్నే లెక్కకూ పనికొచ్చింది. కొరమీను గుటకను మన మత్స్యకారుల కంటే బాగా గుర్తుపట్టేవారు ఎవరున్నారు?

ఇక ప్రభుత్వ చేపపిల్లల సంగతి. ఉచిత పంపిణీ 2016-17లో మొదలైంది. బొచ్చె, రవ్వ పారే నదిలో తప్ప నిలిచిన చెరువులో గుడ్లు పెట్టవు కనుక పిల్లలు వదలడం తప్పనిసరి. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. అయితే పిల్లలు ఆలస్యంగా వచ్చాయనే ఫిర్యాదు ఏటా వింటున్నదే. ఎండాకాలానికి అడుగంటే చెరువులో దసరా దాటాక వదిలిన పిల్లకు పెరిగే గడువు ఉండదు. పైగా ఎంతసేపూ తెచ్చి పోసే చేప గురించే మాట తప్ప చెరువులో పుట్టే చేప మాటే లేదు. కొరమీను, జెల్ల, బొమ్మిడాయి, పరక ఎవరూ టెండరు పిలవకుండా తమంతట తాము పుట్టేవి. వాటికి కావలసింది ఒక్క సాయం: గుడ్లు పెట్టే కాలంలో వాటిని బతకనివ్వడం.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకార కుటుంబానికి భృతి ఇస్తున్నారు. చెరువులకు అలాంటి కాలాన్ని మన పంచాంగమే చూపిస్తోంది. మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజు, ఊరంతా చేప తింటుంది. తినాలి, అది మన అలవాటు. ఆ మర్నాటి నుంచి ఆగస్టు చివరి దాకా మత్తడి కింద, వాగు చెరువులో కలిసే చోట, నాచు మడుగుల్లో వేట పూర్తిగా ఆపాలి. చిన్న కన్ను వలను ఆ దాదాపు మూడు నెలలే కాదు, ఏడాది పొడవునా నిషేధించాలి. తూటా పేల్చి, మందు కలిపి పట్టడం 1897 నాటి చట్టం నుంచే నేరం. గోదావరి రేవుల్లో దాన్ని నేరంగానే చూడాలి. వేట ఆపిన కుటుంబానికి భృతి ఇవ్వాలి. నిషేధ కాలపు సాయానికి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో వీలుంది. రాష్ట్రం తన వాటా వేసి చెరువు మత్స్యకారుడికీ దాన్ని అందించాలి. ఆకలి కడుపుతో ఎవరూ చేప తల్లిని వదిలిపెట్టరు.

మత్స్యకారుల సొసైటీల్లో సభ్యత్వం గురించి ముదిరాజ్, గంగపుత్ర కులాల మధ్య తగవు ఉంది. అడవి చెరువుల్లో దానికి కోయల హక్కు కూడా తోడవుతుంది. దీన్ని సాగదీసి లబ్ధి పొందిన రాజకీయం చాలు. ఎవరు ఎన్ని రోజులు కాపలా కాశారన్నది సొసైటీ పుస్తకంలో రాయాలి, చేప వాటాను ఆ రోజుల లెక్క మీద పంచాలి. అప్పుడు తగవు కులం మీద కాక పని మీద నడుస్తుంది.

పాకాల చెరువు వరంగల్ జిల్లాలో, దాని వెనుక అడవి మహబూబాబాద్‌లో ఉన్నాయి. ఇద్దరు కలెక్టర్లు, అటవీ అధికారులు, మత్స్యశాఖ, ఊళ్ల సొసైటీలు, గూడేల గ్రామసభలు ఒకే చోట కూర్చుని ఒక ఒప్పందం రాయాలి. మొసళ్లు గుడ్లు పెట్టే ఒడ్డు ఎక్కడ, వల వెళ్లగల నీరు ఎక్కడ అన్నది పటం మీద కాదు, తెప్ప ఎక్కి తిరిగి గుర్తులు పాతి తేల్చాలి. బయ్యారంలో, గణపసముద్రంలో, జనగామ రిజర్వాయర్లలో కూడా ఆ పని ఈ ఏడాదే మొదలుకావాలి. మిరుగు జూన్ తొలి వారం దాటగానే వస్తుంది. ఆ లోపు ప్రతి మత్తడి దగ్గరా ఇద్దరు కాపలాదారుల పేర్లు, వారి భృతి మొత్తం పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి.