లోకం పుస్తకాలు

మొన్న వేసవి సెలవుల్లో నేనిచ్చిన పుస్తకాలు నాలుగు వెనక్కి వచ్చాయి. చదివేసి తెచ్చినవి కాదు, పిల్లల్ని చదవనివ్వకుండా పెద్దవాళ్ళు తిప్పి పంపినవి.

నేను పుట్టింది ఉదయగిరిలో. పాఠాలు చెప్పుకుని బతుకుతున్నది ఆత్మకూరులో. కర్నూలు వైపు ఆత్మకూరు కాదు, మా నెల్లూరు ఆత్మకూరు. ఉదయగిరిలో అమ్మావాళ్ళ ఇంట్లో ఒక బీరువా, ఇక్కడ ఇంకొకటి. పిల్లలు ఆదివారం సాయంత్రం వచ్చి, నోటుబుక్కులో పేరు రాసి, ఒక పుస్తకం పట్టుకుపోతారు. అంతకు మించి ఏర్పాటేమీ లేదు.

మొదట వెనక్కి వచ్చింది జాషువా ‘గబ్బిలం’. తొమ్మిదో తరగతి అమ్మాయి తీసుకుపోయింది. వాళ్ళది ఉదయగిరిలో బాప్టిస్టు ఇల్లు, మాదీ అదే చర్చి. వాళ్ళ నాన్న తెచ్చిచ్చి, “శివుడి పుస్తకమంట గదన్నా, మాకెందుకులే” అన్నాడు. రెండోది ‘దర్గామిట్ట కథలు’. ఆత్మకూరులో ఒక ముస్లిం తండ్రి, ఈమధ్య నమాజు విషయంలో బాగా పట్టింపు పెరిగిన మనిషి, పేరులో దర్గా ఉందని పంపించేశాడు. దర్గామిట్ట నెల్లూరులో ఒక పేట పేరు. మూడోది టాల్‌స్టాయ్ కథల అనువాదం. ఒక కథలో చెప్పులు కుట్టుకునే ముసలాయన ఏసు కోసం ఎదురు చూస్తాడు. ఆ బొమ్మ చూసి ఒక హిందూ తండ్రి “సార్, మీరిట్టా మతం మార్చే పుస్తకాలు ఇస్తుండారని అనుకోలేదు” అన్నాడు. ఆ టాల్‌స్టాయ్‌ని రష్యా చర్చి 1901లో వెలివేసిందని ఆయనకి చెప్పే అవకాశం దొరకలేదు. నాలుగో పుస్తకం సంగతి తర్వాత చెప్తాను. ఆ దెబ్బ నాకే తగిలింది.

ముగ్గురు తండ్రులు, మూడు మతాలు. ముగ్గురిలోనూ ఒకే పోలిక ఉంది. ఎవరూ పుస్తకం తెరవలేదు.

నా తగువు ఏమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే ఇది దేవుడి మీద తగువనుకుంటారు. పిల్లలు ఏం చదవాలో చూసుకునే హక్కు తల్లిదండ్రులకి ఉంది. తినే తిండి చూసేవాళ్ళు చదివే చదువు చూడకూడదని నేననను. భక్తి ఉన్న ఇంట్లో ఆ చూపు ఇంకాస్త గట్టిగా ఉంటుంది, ఉండనివ్వండి. కానీ చదవకుండా తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. అమ్మకీ లేదు, అయ్యగారికీ లేదు, మౌల్వీ సాహెబుకీ స్వాములోరికీ లేదు.

నా చిన్నప్పుడు మా అమ్మ ‘చందమామ’ను పొయ్యిలో పెట్టింది. పక్కింటి వాళ్ళ దగ్గర అడుక్కుని తెచ్చుకున్న సంచిక అది. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడు, శవంలో బేతాళుడు. దెయ్యాల పుస్తకం, లోకం పుస్తకం. మా చర్చిలో ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. బైబిలు, పాటల పుస్తకం, సండే స్కూలు కాగితాలు దేవుడివి. మిగతాదంతా లోకానిది. నేను ఏడుస్తూ, “మరి సౌలు రాజు ఏన్దోరు పోయి, చచ్చిపోయిన సమూయేలుని లేపించలేదా?” అని అడిగాను. చెంప పగిలింది. మా అమ్మ దుర్మార్గురాలు కాదు. ఆమెకి అక్షరాలు వచ్చిందే బైబిలు వల్ల. కీర్తనలు సగం నోటికొచ్చు. కానీ చందమామ ఒక్క పేజీ కూడా ఆమె చదివి ఉండలేదు. అయ్యగారు ప్రసంగంలో వద్దన్నారు, ఆమె తగలబెట్టింది. ఆయన చదివారో లేదో ఆమె అడగలేదు.

ఈ దేవుడి పుస్తకం, లోకం పుస్తకం అనే గీత మేం గీసింది కాదు. మా కంటే ఎంతో ముందు యూదులు గీశారు. వాళ్ళ మిష్నాలో రబ్బీ అకీవా పేరు మీద ఒక మాట ఉంది. ‘బయటి పుస్తకాలు’ చదివేవాడికి రాబోయే లోకంలో వాటా లేదని దాని సారాంశం. భక్తి గల యూదు ఇళ్ళల్లో ఏ కథల పుస్తకం ఇవ్వచ్చు, ఏది ఇవ్వకూడదు అనే వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అయితే ఆ మాట మీద తాల్ముద్‌లో జరిగిన చర్చ చూడండి. రావ్ యోసేఫ్ అనే పండితుడు, బెన్ సీరా పుస్తకం కూడా చదవకూడదంటాడు. ఎందుకు చదవకూడదని అబాయే నిలదీస్తాడు. నిలదీసి ఊరుకోడు. ఈ మాట వల్లనా, ఈ మాట వల్లనా అని ఆ పుస్తకంలో మాటలు ఒక్కొక్కటే తీసి ముందు పెడతాడు. చివరికి రావ్ యోసేఫే, అందులో ఉన్న మంచి మాటలు బోధించవచ్చని ఒప్పుకుంటాడు. వద్దన్నవాడికీ, ఎందుకొద్దు అన్నవాడికీ ఆ పుస్తకం కంఠతా వచ్చు. నిషేధమంటే అదీ! చదివి, వాదించి, పేరు పెట్టి చెప్పింది. 1853లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో రబ్బీ శాంసన్ రాఫెల్ హిర్ష్ తోరాతోపాటు లోకవిద్య కూడా చెప్పే బడి పెట్టాడు. 1859లో కవి షిల్లర్ శతజయంతికి ఆ బడిలోనే ఉపన్యాసం ఇచ్చాడు. అంతటి నిష్ఠాపరుడికి పరాయి కవిని మెచ్చుకుంటే మతం పోతుందనే భయం కలగలేదు.

మనవాళ్ళకి రబ్బీలు దూరమంటే మన బైబిలే తీయండి. దానియేలు చిన్నవాడుగా బబులోను చెరలోకి పోయి కల్దీయుల విద్య, వాళ్ళ భాష నేర్చుకున్నాడు. రాజు పెట్టే భోజనం వద్దన్నాడు గానీ చదువు వద్దనలేదు. మోషే ఐగుప్తు విద్యలన్నీ నేర్చినవాడు. పౌలు ఏథెన్సు పోయి అక్కడివాళ్ళతో మాట్లాడేటప్పుడు వాళ్ళ కవుల మాటలే ఎత్తి చెప్పాడు. చదవకపోతే ఎట్లా చెప్పాడు? ఇక్కడ ఎవరో ఒకరు ఎఫెసు సంగతి తెస్తారని తెలుసు. 50 వేల వెండి నాణేల విలువైన పుస్తకాలు అక్కడ తగలబెట్టారు గదా అని. నిజమే. కానీ ఎవరివి తగలబెట్టారు? మంత్రతంత్రాలు చేసేవాళ్ళు తమ పుస్తకాలు తామే తెచ్చి కాల్చుకున్నారు. వాళ్ళకి ఆ పుస్తకాల్లో ఏముందో మొదటి అక్షరం నుంచి తెలుసు. పక్కింటి చందమామ తెచ్చి కాల్చలేదు.

‘గబ్బిలం’ వెనక్కి రావడం మాత్రం నాకు వేరే రకంగా మండింది. జాషువా 1895లో వినుకొండలో పుట్టిన క్రైస్తవుడు. 1941లో వచ్చిన ఆ కావ్యంలో గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలాన్ని బతిమాలి తన బాధ శివుడికి చెప్పమంటాడు. శివుడి పుస్తకమా అది? అది మా తాతల పుస్తకం. పురాణాలు చదివాడనీ, వాటి మీద రాశాడనీ ఆ రోజుల్లో క్రైస్తవుల్లోనే కొందరు జాషువాని దూరం పెట్టారు. కులం చూసి రెండోవైపు వాళ్ళూ దూరం పెట్టారు. ‘క్రీస్తు చరిత్ర’కి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. అరవై ఏళ్ళు దాటినా, ఆయన పుస్తకం ఒక క్రైస్తవుడి గడప దాటి లోపలికి పోలేకపోయింది. పాపం ఆ తండ్రికి ఇదేం తెలియదు. తెలియదనే నా కోపం.

ఎందుకంటే మేం ఎవరం? ఫలానావాళ్ళకి ఫలానా పుస్తకం తగదని తరతరాలు ఇంకెవరో తేల్చి చెప్తే బతికినవాళ్ళం. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో దిగింది. తర్వాత ఉదయగిరి, ఆత్మకూరు కూడా దాని కేంద్రాలయ్యాయి. మిషన్ బడులు మాల, మాదిగ పిల్లల చేత పలక పట్టించాయి. బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగారు. మా ఇళ్ళల్లోకి వచ్చిన మొదటి పుస్తకం బైబిలు. దానికి నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను. కానీ మొదటి పుస్తకమే ఆఖరి పుస్తకం కావాలని ఎవరన్నారు? మనకి తగదు అన్నవాళ్ళ చేతిలోంచి తాళం లాక్కుని, అదే తాళం మన పిల్లలకి వేసుకుంటున్నాం.

ఇప్పుడు ఆ తాళం వాట్సాప్‌లో వస్తోంది. పోయిన జూన్‌లో మా చర్చి గ్రూపులో ఒక జాబితా తిరిగింది. విశ్వాసుల పిల్లలకి పనికిరాని పుస్తకాలట. చందమామ, పంచతంత్రం, హారీ పాటర్, బేతాళ కథలు. చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటిందని కూడా ఆ జాబితా రాసినాయనకి తెలియదు. ఆ జాబితా వచ్చిన ఫోనునే రాత్రి పదింటిదాకా పిల్లాడి చేతికి ఇచ్చి నిద్రపోతారు. అందులో ఏం చూస్తున్నాడో అడగరు. పుస్తకానికి పేరు కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఆపడం తేలిక. అంతే తేడా.

ఇదంతా చదివి నవ్వుకుంటున్న అభ్యుదయవాదులకి కూడా ఒక మాట. నాకు ఒక మిత్రుడున్నాడు, యూనియన్ నాయకుడు. వాళ్ళింట్లో పోతన భాగవతం లేదు, బైబిలు లేదు. కొడుకు అడిగితే “ఆ చెత్త నీకెందుకురా” అంటాడు. గజేంద్రుడు ఎవరో తెలియని పిల్లాడికి తెలుగు సామెతల్లో సగం అర్థం కావు. సిలువ మోయడమంటే ఏమిటో తెలియని పిల్లాడికి ప్రపంచ సాహిత్యంలో సగం అర్థం కాదు. ఆ ఇంట్లోనూ జాబితా ఉంది, అందులో పేర్లు వేరు. చదవకుండా పక్కన పెట్టడానికి భక్తే ఉండక్కర్లేదు.

ఇప్పుడు నాలుగో పుస్తకం.

అది పిల్లల నీతికథల పుస్తకం. పుస్తకాల సంతలో చవగ్గా దొరికితే అట్ట చూసి పది కొన్నాను. దేవుడు లేడు, దెయ్యం లేదు, ఎవరికీ అభ్యంతరం ఉండదనుకున్నాను. ఉదయగిరిలోనే ఒక అమ్మ, కూలికి పోయే మనిషి, పాత ఏడో తరగతి చదువు, ఆ పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చింది. వేలు పెట్టి ఒక పేజీ తెరిచింది.

“సార్, మీరిది చదివే ఇచ్చారా?”

నేను చదవలేదు. ఆ కథలో చెప్పులు కుట్టేవాడు దొంగ. రాజు పట్టుకుంటాడు, మంత్రి వాడి పుట్టుకే అంతని తేలుస్తాడు, అందరూ నవ్వుతారు. కింద గళ్ళలో నీతి.

“మా మామ చెప్పులే కుట్టేవాడు సార్. నా బిడ్డ ఇది చదివి నన్నేమని అడగాల?”

నా దగ్గర జవాబు లేదు. “తప్పయిపోయిందమ్మా” అన్నాను. ఆమె పుస్తకం బల్ల మీద పెట్టి, “వేరేది ఇయ్యండి, నేను చదివి బిడ్డకిస్తా” అంది.

ఆ రోజు వెనక్కి వచ్చిన నాలుగు పుస్తకాల్లో న్యాయంగా వచ్చింది అదొక్కటే. వాట్సాప్ జాబితా ఆ పుస్తకాన్ని పట్టుకోలేదు. పట్టుకోలేదు కూడా, జాబితాకి దేవుళ్ళ పేర్లూ దెయ్యాల పేర్లే తెలుసు. లౌకికం, శాస్త్రీయం అని మురిసిపోయే నేనూ పట్టుకోలేదు. కూలి నుంచి వచ్చి, దీపం కింద కూర్చుని, వేలితో వరుస పట్టి చదివిన తల్లి పట్టుకుంది. ఎంచడమంటే అది. ఆమెకి ఆ హక్కు తల్లి అయినందువల్ల కొంత వచ్చింది, చదివినందువల్ల పూర్తిగా వచ్చింది.

అందుకని ఇప్పుడు బీరువాకి ఒక నియమం పెట్టాను. పుస్తకం తిప్పి పంపేవాళ్ళు చీటీ రాయాలి. ఎన్నో పేజీ, ఎందుకు వద్దు. పేజీ నంబరు ఉంటే నేనూ కూర్చుని మాట్లాడతాను, మీ మాట నిజమైతే పుస్తకం తీసేస్తాను. పేజీ నంబరు లేని అభ్యంతరాన్ని లెక్కపెట్టను. నాకూ అదే నియమం. చదవని పుస్తకం ఏ పిల్లకీ ఇవ్వను. ఇంట్లో చదవలేని పెద్దవాళ్ళుంటే ఇంకా మంచిది, పిల్ల చేతే చదివించుకుని వినండి. ఆ కాసేపూ మీరిద్దరూ ఒకచోట కూర్చుంటారు. అభ్యంతరం ఉంటే అప్పటికప్పుడే చెప్పచ్చు, పిల్ల కూడా తన మాట చెప్తుంది. కురాన్ అవతరణ మొదలైందే చదవమనే మాటతో అంటారు. బైబిలు ఆదిలో వాక్యముందంటుంది. ఉపనిషత్తు నిండా పిల్లలు అడిగే ప్రశ్నలే. ముగ్గురు తండ్రుల మతాలూ నా వైపే ఉన్నాయి.

ఉదయగిరి దుర్గం చూడ్డానికి వచ్చేవాళ్ళకి కృష్ణదేవరాయల ముట్టడి గురించి చెప్తారు. అంతకు ముందు అక్కడ గంగయ అనే మంత్రి ఉండేవాడు. ఆయనకి దుగ్గుపల్లి దుగ్గన అంకితమిచ్చిన కావ్యం నాచికేతోపాఖ్యానం. తండ్రి కోపంలో అన్న మాటకి యముడి దగ్గరికి పోయి, అక్కడ చూసింది తిరిగొచ్చి చెప్పిన పిల్లవాడి కథ. మా ఊరి పేరుతో ముడిపడ్డ పాత పుస్తకాల్లో అదొకటి. పిల్లలు వెళ్ళొస్తారు, చూసింది చెప్తారు. వినడానికి ఇంట్లో ఎవరైనా ఉండాలి.

‘గబ్బిలం’ ఇంకా బీరువాలోనే ఉంది. చీటీ రాలేదు. ఆ అమ్మాయి ఈ ఏడు పదో తరగతి. వచ్చే జూన్‌కి నెల్లూరులో ఏదో ఒక కాలేజీ హాస్టల్లో చేరుస్తారు. అక్కడ ర్యాంకుల మెటీరియల్ తప్ప ఇంకే పుస్తకమూ లోపలికి పోదు, దేవుడిదైనా, లోకానిదైనా. వాళ్ళ నాన్నకి మిగిలింది ఈ పది నెలలు.