పాస్‌పోర్టు ఇచ్చేసి రమ్మంటున్నాం

2025 నవంబర్ 18, ఢాకా నేషనల్ స్టేడియం. మన ఫుట్‌బాల్ జట్టు ఒక గోల్ వెనకబడి ఉంది. బంగ్లా గోల్‌కీపర్ తడబడ్డాడు. బంతి మన ఛాంగ్టే కాలికి దొరికింది. కొట్టాడు. స్కోరు సమమైనట్టే అనుకునేలోపు గోల్ గీత దగ్గర ఉన్న ఒకతను తలతో దాన్ని బయటికి నెట్టేశాడు. అతను హమ్జా చౌదరి. మ్యాచ్ 1-0తో బంగ్లాదేశ్ గెలిచింది. వాళ్లు మనల్ని ఓడించడం 22 ఏళ్లలో అదే మొదటిసారి.

హమ్జా పుట్టింది ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో. తల్లిది బంగ్లాదేశీ కుటుంబం, తండ్రి మూలాలు కరీబియన్ దీవి గ్రెనడాలో. లెస్టర్ సిటీ క్లబ్బులో పెరిగాడు. 2021లో ఎఫ్‌ఏ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఇంగ్లండ్ అండర్-21కి ఆడాడు గానీ సీనియర్ జట్టు నుంచి పిలుపు రాలేదు. 27 ఏళ్ల వయసులో, 2024 డిసెంబర్‌లో, ఫిఫా అనుమతితో బంగ్లాదేశ్‌కు మారాడు. తొలి మ్యాచ్ 2025 మార్చిలో షిల్లాంగ్‌లో, అదీ మన మీదే. 0-0తో ముగిసింది. ఒకప్పుడు అస్సాం రాజధాని షిల్లాంగ్ అయితే, సిల్హెట్ ఆ అస్సాంలో ఒక జిల్లా. 1947 జులైలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణతో అందులో చాలా భాగం తూర్పు పాకిస్తాన్‌కు పోయింది. హమ్జా తల్లి తరఫువాళ్ల హబీగంజ్ అటువైపు పడింది. అప్పుడు ఓట్లు మరోలా పడి ఉంటే ఈ కుర్రాడి తాతల ఊరు మన పటంలో ఉండేది. అయినా అతను మనకు ఆడగలిగేవాడా? నాకు ఆ నమ్మకం లేదు. ఎందుకో చెబుతాను.

రెండు దేశాల ఆటగాడు ఒక జట్టును ఎంచుకోగానే వచ్చే వ్యాఖ్యలు మనకు తెలిసినవే. వచ్చిన దేశంలో 'దేశభక్తుడు' అంటారు, వదిలిన దేశంలో 'అవకాశవాది' అంటారు. ఆటగాడి గుండెలో ఏముందో చూసొచ్చినట్టు మాట్లాడతారు. అసలు సంగతి చాలావరకు గుండెలో ఉండదు, కాగితాల్లో ఉంటుంది. ఎవరు ముందు పిలిచారు, ఫిఫా నిబంధన ఏమంటోంది, పిలిచిన దేశం బదులుగా ఏం వదులుకోమంటోంది అన్నవే నిర్ణయిస్తాయి.

పాతకాలంలో ఈ పట్టింపే లేదు. లూయిస్ మోంటి 1930 ప్రపంచ కప్ ఫైనల్ అర్జెంటీనాకు ఆడి, 1934 ఫైనల్ ఇటలీకి ఆడాడు. డి స్టెఫానో మూడు దేశాల చొక్కాలు తొడిగాడు. ఆ తర్వాత ఫిఫా గేట్లు మూసింది. ఎంత గట్టిగా మూసిందో చూడండి. మాడ్రిడ్ దగ్గర పుట్టిన మొరాకో సంతతి కుర్రాడు మునీర్ ఎల్ హద్దాదిని 2014 సెప్టెంబర్‌లో స్పెయిన్ కోచ్ మాసిడోనియాతో మ్యాచ్ చివర్లో పదమూడు నిమిషాలు ఆడించాడు. అప్పుడతనికి 19 ఏళ్లు. ఆ తర్వాత స్పెయిన్ మళ్లీ పిలవలేదు. 2018 ప్రపంచ కప్‌కు మొరాకో తరఫున వెళ్లాలనుకుంటే, మాసిడోనియా మ్యాచ్ క్వాలిఫయర్ కాబట్టి ఆ పదమూడు నిమిషాలు అడ్డొచ్చాయి. క్రీడా న్యాయస్థానం కూడా కుదరదంది. 2020లో ఫిఫా నిబంధనను సడలించాకే అతను మారగలిగాడు. 21 ఏళ్లు నిండకముందు సీనియర్ జట్టుకు ఆడిన మ్యాచ్‌లు మూడుకు మించకుండా, చివరి మ్యాచ్ అయి మూడేళ్లు గడిచి, ప్రపంచ కప్ లాంటి ప్రధాన టోర్నీలో దిగకుండా ఉంటే ఇప్పుడు మారొచ్చు. నాకు ఇది న్యాయంగానే తోస్తుంది.

పుట్టుకతో రాని పౌరసత్వం తీసుకుని ఆడాలంటే అమ్మానాన్నలో, తాతా నాయనమ్మలో, అమ్మమ్మలో ఎవరైనా ఆ దేశంలో పుట్టి ఉండాలి. లేదా ఆటగాడే అక్కడ పుట్టో, ఏళ్ల తరబడి ఉండో ఉండాలి. మలేసియా ఫుట్‌బాల్ సంఘం ఈ తాతల లెక్కలోనే 2025లో దొరికిపోయింది. ఏడుగురు విదేశీ ఆటగాళ్ల తాతలు మలేసియాలో పుట్టారని దొంగ కాగితాలు పెట్టినందుకు ఫిఫా జరిమానా, నిషేధం విధించింది. ఊరి గుమస్తా తప్పుడు వంశవృక్షం రాసిచ్చినట్టుంది ఆ వ్యవహారం!

మన తెలుగువాళ్లకు ఈ తాతల లెక్కలో ఒక కథ ఉంది. 2006 ప్రపంచ కప్‌లో జిదాన్‌తో పాటు ఫ్రాన్స్ జట్టులో ఉన్న వికాశ్ దొరాసో తెలుగు మూలాలున్న మారిషస్ కుటుంబంలో పుట్టాడు. ఊరు లె హావ్ర్ పక్కన హార్ఫ్లర్. ఆ టోర్నీలో రెండు మ్యాచ్‌ల్లో కాసేపు సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. మిగతా రోజులు బెంచీ మీద కూర్చుని చిన్న కెమెరాతో తన వేదనను చిత్రీకరించుకున్నాడు. అదే 'సబ్‌స్టిట్యూట్' అనే సినిమా అయింది. ఫ్రాన్స్ కాకపోతే అతనికున్న దారి మారిషస్ గానీ భారత్ కాదు. వలస వెళ్లినవాళ్లు తాత తరాన్ని దాటిపోతే ఫిఫా లెక్కలో ఆ రక్తబంధం లేనట్టే.

అమ్మమ్మ ఊరు మన దేశంలోనే ఉన్న ఆటగాడి సంగతేంటి? ర్యాన్ విలియమ్స్‌ను చూడండి. పెర్త్‌లో పుట్టాడు, తల్లి ముంబైలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. తాత బొంబాయి తరఫున 1956లో సంతోష్ ట్రోఫీ ఆడాడు. హైదరాబాద్ వరసగా రెండేళ్లు ఆ ట్రోఫీ ఎత్తుకుపోయిన రోజులవి. ర్యాన్ ఆస్ట్రేలియాకు ఒకే ఒక్క స్నేహపూర్వక మ్యాచ్ ఆడాడు. అది కట్టిపడేయదు కాబట్టి ఫిఫా వైపు నుంచి చిక్కులేదు. బెంగళూరు ఎఫ్‌సీకి ఆడుతూ, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదిలేసి, 2025లో భారత పౌరుడయ్యాడు. అప్పటికి వయసు 32. ఢాకా మ్యాచ్‌కు అనుమతులు సమయానికి అందలేదు. అతనికి ముందు ఇదే దారిలో వచ్చిన ఇజుమి అరాటా జపాన్ పౌరసత్వం వదులుకుని 2013లో మనకు తొలి మ్యాచ్ ఆడేసరికి 30 దాటాడు.

ఈ వయసులు యాదృచ్ఛికం కావు. పాస్‌పోర్టు ఇచ్చేసి రమ్మన్నప్పుడు రాగలిగేది విదేశీ కెరీర్ ముగింపుకొచ్చినవాడే. ఇంగ్లండ్‌లోనో జర్మనీలోనో 22 ఏళ్ల కుర్రాడు ఆ పాస్‌పోర్టు వదిలేస్తే సొంత ఊరి క్లబ్బులో ఆడటానికి వర్క్ పర్మిట్ కోసం క్యూలో నిలబడాలి. హమ్జాను బంగ్లాదేశ్ అలాంటి త్యాగమేమీ అడగలేదు. బ్రిటిష్ పాస్‌పోర్టు జేబులో ఉండగానే ఇంకొకటి ఇచ్చింది.

ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డున్న వాళ్లను ఆడనిస్తే చాలు కదా అని మనవాళ్లు తరచూ అంటారు. 2008లో కేంద్రం భారత పౌరులే ఆడాలని నిబంధన పెట్టింది. అంతకుముందు అమెరికా పౌరుడైన ప్రకాశ్ అమృత్‌రాజ్ డేవిస్ కప్‌లో మనకు ఆడాడు. ఆ నిబంధన ఎత్తేస్తే కొన్ని ఆటల్లో ఊరట దొరకొచ్చు. ఫుట్‌బాల్‌లో దొరకదు. ఫిఫా అడిగేది పౌరసత్వం. ఓసీఐ పేరులో 'సిటిజన్' ఉంది గానీ అది పౌరసత్వం కాదు, దీర్ఘకాల వీసా లాంటిది. దాని కోసం ఫుట్‌బాల్ అభిమానులు చేసే పోరాటం గాలిలో కత్తి తిప్పడమే.

తాళం 1955 పౌరసత్వ చట్టంలో ఉంది. ఓసీఐగా అయిదేళ్లు నిండి, దరఖాస్తుకు ముందు ఏడాది ఇక్కడే ఉంటే పౌరసత్వం అడగొచ్చు, పాత పౌరసత్వం వదులుకోవాలి. అయితే అదే చట్టం ఆరో సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. విజ్ఞానం, తత్త్వం, కళ, సాహిత్యం, ప్రపంచ శాంతి, మానవ పురోగతికి విశిష్ట సేవ చేసినవారికి కేంద్రం షరతుల్లో కొన్నిటినో అన్నిటినో మాఫీ చేయొచ్చు. ఆ షరతుల్లో ఏళ్ల తరబడి నివాసం ఒకటి, విదేశీ పౌరసత్వం వదులుకుంటానన్న హామీ ఇంకొకటి. ఆ జాబితాలో క్రీడలు లేవు. చేర్చాలంటాను నేను.

అమెరికా పౌరసత్వం తీసుకున్న డాలస్ ఇంజనీరు అడగొచ్చు, నాకు లేని రెండో పాస్‌పోర్టు బంతి తన్నేవాడికి ఎందుకని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ఇంజనీరు ఓసీఐ కార్డుతో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకోవచ్చు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. ఆటగాడు ఆ కార్డుతో జాతీయ జట్టుకు ఆడలేడు. తేడా అక్కడుంది. ఇరవై రెండేళ్లవాడు చేసిన విశిష్ట సేవ ఏమిటన్న ప్రశ్న ఇంతకంటే గట్టిది. అందుకే తాత తరం దాకా మాత్రమే, జాతీయ జట్టుకు ఎంపికైనవారికి మాత్రమే అని గీత గీయాలి. తాత కాగితాలు మన దగ్గరే సరిచూసుకోవాలి, మలేసియా పని మనకొద్దు.

ఇదంతా చేస్తే ఆసియా కప్‌కు వెళ్లిపోతామని నేను చెప్పడం లేదు. హమ్జా వచ్చినా 2027 ఆసియా కప్‌కు బంగ్లాదేశ్ అర్హత సాధించలేదు. ఢాకాలో తలపడేసరికే రెండు జట్లూ రేసులోంచి బయటపడ్డాయి. 2022లో సెమీఫైనల్ చేరిన మొరాకో జట్టులో 26 మందిలో 14 మంది విదేశాల్లో పుట్టినవాళ్లే. నిజమే, కానీ అక్కడ రాజు పేరిట నడిచే అకాడమీలో తయారైన అగెర్డ్, ఎన్-నెసీరి, ఔనాహీ కూడా అదే జట్టులో ఉన్నారు. కోచ్ రహీం సాబ్ 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిపించిన జట్టుకు విదేశాల నుంచి ఎవరూ రాలేదు. కొందరు హైదరాబాద్ గల్లీల్లోంచి వచ్చారు. ఆ గల్లీల్లో ఇప్పుడు మైదానాలు ఎన్ని మిగిలాయో కూడా ఇదే ఊపులో అడగాలి.

ఈలోగా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. ఆరో సెక్షన్‌లో కళ, సాహిత్యం పక్కన 'క్రీడలు' అన్న ఒక్క మాట చేర్చమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.