ఆట రాకముందే కార్డు కొనాలా?

కొత్త ఆట వస్తోంది, గ్రాఫిక్స్ కార్డు మార్చాలని కుమారుడు అడిగితే కసురుకోకండి. తొందరపడి ధాన్యం డబ్బూ తీయకండి. సైబర్‌పంక్ 2077 (అది పిల్లల ఆట కాదు, ఉదాహరణకే చెప్పుచున్నాను) 2020 ఏప్రిల్‌లో వస్తుందన్నారు. మూడుసార్లు వాయిదావేసి డిసెంబరు 10న విడుదల చేశారు. ముందే కార్డు కొన్నవారు అన్ని నెలలూ ఎదురుచూడవలసినదే గదా! తీరా చూస్తే, తయారీదారులు 2020లో సిఫారసు చేసినవాటిలో 2016 నాటి జిటిఎక్స్ 1060 కార్డు కూడా ఉండేది.

అయితే పాత కార్డుతో అన్ని ఆటలూ నడవవు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు రే ట్రేసింగ్, అనగా వెలుగు కిరణాలను లెక్కగట్టే శక్తి, కార్డులోనే ఉండాలి. 1060లో అది లేదు. కనుక ఆట విడుదలైన తరువాత, దానికి కావలసిన కనీస కార్డు ఏదో చూచి, ఉన్న కార్డు అంతకు తక్కువైతేనే కొనండి. కంప్యూటరులోని పవర్ సప్లై కొత్త కార్డుకు చాలుతుందో లేదో కూడా ముందే అడగండి.