వన్నె పోయినంతమాత్రమున విషము పోవునా?

వాకాడు ఆనకట్టకడ నిలిచి స్వర్ణముఖిని జూచువారు ఆ నీరు ఎచ్చటెచ్చటి బట్టలను దడిపి వచ్చినదో యోచింపవలెను. తిరుపతి ప్రాంతమునుండి శ్రీకాళహస్తి మీదుగా పాఱి, తుదకు ఈ తీరముననే నది సముద్రమును జేరుచున్నది. కాళహస్తి కలంకారీ పనివారు తరతరములుగా అద్దకపు బట్టలను జాడించినది దీని ప్రవాహమునందే. వారి సంప్రదాయపు విద్య చెట్టు రంగులను, పటికను, ఇనుమును నమ్ముకొన్నది. దానిపై మేము నింద మోపము. చిక్కంతయు రసాయనిక రంగులతోడిది.

ఈ తీరమునకు వన్నెబట్టలతోడి పొత్తు నేటిది కాదు. చెంతనున్న దుగరాజపట్నమున ఇంగ్లీషు కంపెనీవారు 1626లో వర్తకశాల నెలకొల్పినది మన బట్టలకొఱకే. నెల్లూరి నీలిమందు సీమకు నోడలలో బోయిన దినములును గలవు. 1897లో జర్మనులు కృత్రిమనీలిని అంగడిలో బెట్టిరి. మన నీలితొట్లు ఎండిపోయెను. కొత్త రంగులు వచ్చినవి గాని, వాని మురికిని గడుగు విద్య వానితో రాలేదు.

ఆ విద్య యిప్పుడు గలదు. ఇనుపలవణమును హైడ్రోజన్ పెరాక్సైడుతో గలిపినచో తీవ్రమగు దహనశక్తి పుట్టునని ఫెంటన్ 1894లో చూపెను. ఆ శక్తి రంగు అణువును ముక్కలు చేయును. ఇనుము పురోహితునివంటిది: పెండ్లి జరిపించును గాని తాను పీటలపై గూర్చుండదు, మరల మరల అదే పనికి వచ్చును. టైటానియం భస్మము సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములచే నిట్టి పనియే చేయును. ఇనుపముక్కలను బెల్లపునీట నానవైచి నల్లరంగు దీయు మన పనివానికి లోహముల మహిమను ఒకరు చెప్పవలయునా!

అయినను ఒక మోసమున్నది. పెరాక్సైడునందు పొదుపు చేసినచో రంగు మాయమగును, ముక్కలు నీటనే నిలుచును. ఆజో రంగులు సగము విఱిగినప్పుడు పుట్టు కొన్ని అమీనులు వర్ణము లేనివి, పుట్టకురుపు గలిగించునవి. కావున కంటికి తేటగా నున్నదని నీటిని విడువరాదు. అందు మిగిలిన సేంద్రియ పదార్థమెంతో పరీక్షచే దేల్చవలెను. పైగా ఈ క్రియకు నీరు మిక్కిలి ఆమ్లముగా నుండవలెను. పిదప సున్నముతో దాని పులుపు విఱువవలెను. అడుగున దిగిన ఇనుపమడ్డిని వేఱుగా దీయవలెను. ఆ మడ్డిని రాత్రివేళ వాగులో గుమ్మరించినచో చేసినదంతయు వ్యర్థమే.

ఇంత వ్యయమును వెంకటగిరి సాలెవాడో, కాళహస్తి అద్దకపువాడో ఒంటరిగా భరింపజాలడు. నూలు అప్పు తెచ్చి నేయువానిని పెరాక్సైడు కొనుమనుట పరిహాసము. రంగుతొట్లున్న ప్రతి యూర సహకారసంఘము పేర ఉమ్మడి శుద్ధిశాలను ప్రభుత్వమే కట్టింపవలెను. మందుల ఖర్చులో పెద్దపాలు తానే వహింపవలెను. నీటి పరీక్షల ఫలితములను నెలనెలా తెలుగున వ్రాయించి, నది తుదినున్న వాకాడు పఠనమందిరపు గోడపై నంటింపవలెను.